ఆపరేషన్ థియేటర్ నుంచి తరగతి గదికి వీడియో: వైద్య కళాశాల ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలల్లో ఒక్కో ఎంబీబీఎస్ బ్యాచ్‌కు 250 సీట్లు ఉన్నాయి. ఆపరేషన్ బల్ల చుట్టూ సర్జన్, సహాయకులు, పరికరాలు అందించే స్క్రబ్ నర్స్, తల దగ్గర మత్తు డాక్టర్ నిలబడ్డాక, పోస్టింగ్‌కు వచ్చిన విద్యార్థుల్లో మరో ఐదారుగురికి మించి చోటు దొరకదు. ఆ ఐదారుగురికైనా ఎక్కువసేపు కనబడేవి పీజీల భుజాలు, ఆకుపచ్చ గౌన్లే తప్ప కోత లోపల జరుగుతున్న పని కాదు. అందుకే థియేటర్లో కెమెరా పెట్టి పక్క గదిలోనో, కళాశాల గ్యాలరీలోనో తెర మీద చూపిద్దామన్న ఆలోచన సర్జరీ విభాగాల్లో తరచూ వస్తోంది. వచ్చిన వెంటనే చర్చ ఏ కంపెనీ కెమెరా కొనాలన్న దాని మీదికి మళ్లుతోంది. నా దృష్టిలో కెమెరా చివరగా తేల్చాల్సిన విషయం. తెర ముందు కూర్చున్న విద్యార్థికి సందేహం వస్తే ఎవరు, ఎప్పుడు జవాబు చెబుతారన్నది ముందు నిర్ణయించుకుంటే, మిగిలిన ఎంపికల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో 1947లోనే శస్త్రచికిత్సను క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్‌లో చూపించారు. మన నగరంలో కూడా లైవ్ ఎండోస్కోపీ వర్క్‌షాప్‌లు చాలాకాలంగా జరుగుతున్నాయి. అయితే వాటిని చూడటానికి వచ్చేవారు అదే విద్యలో ఆరితేరిన నిపుణులు, వారికి కావలసింది ఒక కొత్త మెలకువ మాత్రమే. మూడో ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థికి తెర మీద కనబడుతున్న పసుపు రంగు కొవ్వు ఏదో, పిత్తాశయం ఏదో చెప్పే మనిషే ముందు కావాలి. వర్క్‌షాప్‌లకు సరిపోయిన ఏర్పాటును యథాతథంగా తెచ్చి తరగతికి పెట్టడం వల్లే చాలాచోట్ల మొదటి నెల ఉత్సాహం మూడో నెలకు మిగలడం లేదు.

ప్రత్యక్ష ప్రసారమా, రికార్డింగా?

అన్నిటికన్నా పెద్ద ఎంపిక ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఒక శస్త్రచికిత్స నుంచి విద్యార్థి నేర్చుకోగలిగేవి రెండు రకాలు. ఒకటి, పని జరిగే వరుస: ఎక్కడ కోస్తారు, ఏ పొర తర్వాత ఏ పొర వస్తుంది, ఏ నాళాన్ని ఎప్పుడు కడతారు. రెండోది, నిర్ణయం: ఎక్కడ ఆగాలి, అనుమానం వస్తే ఏం చేయాలి, అనుకున్న పద్ధతిని ఎప్పుడు మార్చుకోవాలి. మొదటిదానికి రికార్డింగ్ స్పష్టంగా మెరుగు. గంట పట్టిన ఆపరేషన్‌ను పన్నెండు, పదిహేను నిమిషాలకు కుదించి, శరీర నిర్మాణ భాగాల పేర్లు తెర మీద రాసి, అవసరమైన చోట ఆపి, వెనక్కి తిప్పి చూపించవచ్చు. అతుక్కుపోయిన పేగులను విడదీయడానికి నలభై నిమిషాలు పట్టే రోజున గ్యాలరీలో ప్రత్యక్ష ప్రసారం చూస్తున్న విద్యార్థుల్లో సగం మంది చేతుల్లో ఫోన్లు ఉంటాయి, అందుకు వారిని తప్పుపట్టలేం.

రెండో రకానికి మాత్రం ప్రత్యక్షంగా చూడటానికి సాటి లేదు. ల్యాపరోస్కోపిక్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, పిత్తాశయం తొలగించే ఆపరేషన్‌నే తీసుకోండి. పిత్తాశయం మెడ దగ్గర ఉండే క్యాలట్స్ ట్రయాంగిల్ అనే ముక్కోణపు చోటులోని కొవ్వును, పొరలను శుభ్రం చేసి, పిత్తాశయపు కింది భాగాన్ని కాలేయం నుంచి కొంతమేర విడదీశాక, పిత్తాశయంలోకి వెళ్తున్నవి రెండే నిర్మాణాలు, అంటే సిస్టిక్ డక్ట్ (పిత్తాశయ నాళం), సిస్టిక్ ఆర్టరీ (దాని ధమని) మాత్రమే అని రూఢి చేసుకున్న తర్వాతే సర్జన్ క్లిప్ వేస్తారు. దీన్నే క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ అంటారు. రికార్డింగ్‌లో ఈ ఘట్టం అరనిమిషంలో ముగిసిపోతుంది, ఎందుకంటే సర్జన్ తటపటాయించిన ఆ ఐదు నిమిషాలనూ ఎడిటింగ్‌లో తీసేస్తారు. నిజానికి పాఠమంతా ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది. కెమెరాను ఆ పక్కకు, ఈ పక్కకు తిప్పి చూడటం, వెనుక వైపు నుంచి మరోసారి పరిశీలించడం, తనకన్నా పెద్దవారిని పిలిపించడం, చివరికి "ఇది సురక్షితం కాదు, ఓపెన్ చేద్దాం" అనడం, అంటే పొట్ట కోసి చేయడానికి మారడం, వీటిని జరుగుతున్నప్పుడు చూసిన విద్యార్థికి ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో అర్థమవుతుంది. అయితే ఆ సమయంలో "సర్ ఎందుకు ఆగారు?" అని అడిగే వీలు విద్యార్థికి ఉండాలి. అడిగే దారి లేని ప్రత్యక్ష ప్రసారం ఎడిట్ చేయని రికార్డింగ్‌తో సమానమే, దానికోసం తీగలు పరచనక్కర్లేదు.

అడగడం అంటే కత్తి పట్టుకున్న సర్జన్‌ను అడగడం కాదు. ఆయన దృష్టి రోగి మీదే ఉండాలి. గ్యాలరీలో విద్యార్థుల మధ్య నిలబడి తెర మీది దృశ్యాన్ని వివరించే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ఆ రోజుకు పూర్తిగా కేటాయించాలి. విద్యార్థుల ప్రశ్నల్లో చాలావాటికి ఆయనే జవాబు చెబుతారు. తప్పనిసరి అనుకున్న ఒకటి రెండింటిని మాత్రం, సర్జన్ సైగ చేసిన తర్వాత, థియేటర్‌కు చేరవేస్తారు. ఈ ఒక్క మనిషిని కేటాయించే వెసులుబాటు విభాగానికి లేకపోతే నా సలహా సూటిగా ఇదే: ప్రత్యక్ష ప్రసారం జోలికి వెళ్లవద్దు, ఆ డబ్బుతో మంచి రికార్డింగ్ వ్యవస్థ, ఎడిటింగ్ చేసే ఒక మనిషిని ఏర్పాటు చేసుకోండి.

దృశ్యం ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ల్యాపరోస్కోపీ, ఎండోస్కోపీ, కంటి శస్త్రచికిత్సల విషయంలో పని తేలిక. మొదటి రెండింటిలో సర్జన్ చూసేదే కెమెరా దృశ్యం. ఆ యంత్రం వెనుక రెండో వీడియో అవుట్‌పుట్ సాధారణంగా ఉంటుంది, దానికి తీగ కలిపితే చాలు. కంటి, న్యూరో, ఈఎన్‌టీ మైక్రోస్కోపులకు కాంతిని చీల్చి కెమెరాకు పంపే భాగం ఉందో లేదో చూసుకోవాలి, లేకుంటే విడిగా బిగించవచ్చు. ఇక్కడ ఎవరూ ముందుగా గమనించని చిక్కు ఒకటుంది: చాలా ల్యాపరోస్కోపీ యంత్రాలు తెర మూలన రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు చూపిస్తుంటాయి. మానిటర్ మీద అది అలవాటైపోయి థియేటర్ సిబ్బంది కంటికి ఆనదు గానీ, గ్యాలరీలో పన్నెండు అడుగుల తెర మీద మొట్టమొదట కనబడేది అదే. ప్రసారానికి వెళ్లే అవుట్‌పుట్‌లో దాన్ని తీసేయించడం మొదటి పని.

అసలు కష్టం ఓపెన్ సర్జరీలతోనే. విద్యార్థికి ఎక్కువగా అవసరమైనవీ అవే, గజ్జల్లో వచ్చే ఇంగ్వైనల్ హెర్నియా, థైరాయిడ్ వంటివి. వీటికి నాలుగు మార్గాలు ఉన్నాయి. బల్ల మీద నీడ పడనివ్వని షాడోలెస్ లైటు నడుమ లేదా దాని పిడిలో అమర్చిన కెమెరా ఒకటి. లైటు ఎక్కడికి తిరిగితే కెమెరా అక్కడికే చూస్తుంది కాబట్టి ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు. కానీ కోతలోకి వంగిన సర్జన్ తల దానికి అడ్డం వస్తుంది, హెర్నియా ఆపరేషన్‌లో ఇలియోఇంగ్వైనల్ నరాన్ని గుర్తించి పక్కకు తప్పించే క్షణంలోనే సరిగ్గా సర్జన్, సహాయకుడు ఇద్దరి తలలూ ముందుకు వంగుతాయి. రెండోది విడిగా ఒక చేతికొమ్మకు, అంటే పైకప్పుకు లేదా స్టాండుకు బిగించిన జూమ్ కెమెరా. లైటు కెమెరా చూడలేని కోణం నుంచి, సర్జన్ భుజం మీదుగా ఇది చూడగలదు, అయితే దాన్ని అప్పుడప్పుడూ సర్దడానికి స్టెరైల్ బృందంలో లేని, అంటే కోతను, పరికరాలను ముట్టుకోని ఒక మనిషి కావాలి. మూడోది సర్జన్ తలకు కట్టుకునే కెమెరా. సర్జన్ చూసేదే చూపిస్తుందని అమ్మేవారు చెబుతారు గానీ, మనం కిందికి చూసేటప్పుడు తల కొద్దిగానే వంచి కళ్లను ఎక్కువగా దించుతాం. అందువల్ల కెమెరాను తగినంత కిందికి వంచి బిగించకపోతే అది కోతకు ఒక జానెడు పైన ఉన్న గుడ్డలనే చూపిస్తూ ఉంటుంది. తల కదిలినప్పుడల్లా గ్యాలరీలో తెర మొత్తం ఊగుతుంది, పెద్ద తెర మీద పావుగంట చూస్తే కళ్లు తిరుగుతాయి. నలుగురైదుగురు పీజీలు చిన్న తెర మీద చూడటానికి అది ఫర్వాలేదు, 100 మందికి పనికిరాదు.

నాలుగోది 360 డిగ్రీల కెమెరా. లండన్‌లోని రాయల్ లండన్ ఆసుపత్రిలో 2016 ఏప్రిల్‌లో సర్జన్ షఫీ అహ్మద్ పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌ను ఈ పద్ధతిలో ప్రపంచమంతా చూసేలా ప్రసారం చేసినప్పటి నుంచి దీని పేరు బాగా వినబడుతోంది. లెక్క వేసి చూస్తే దీని హద్దు తెలుస్తుంది. అడ్డంగా 3840 పిక్సెళ్ల దృశ్యం 360 డిగ్రీలకూ పరుచుకుంటుంది, అంటే డిగ్రీకి పదకొండు పిక్సెళ్లు కూడా రావు. మీటరు దూరంలో ఉన్న 20 సెంటీమీటర్ల కోత సుమారు 11 డిగ్రీల మేర ఉంటుంది, అంటే విద్యార్థికి ఆ కోత మొత్తం అడ్డంగా 120 పిక్సెళ్లలో కనబడుతుంది. శస్త్రచికిత్సలోని సూక్ష్మం చూపించడానికి ఇది చాలదు. అయితే థియేటర్లో ఎవరు ఎక్కడ నిలబడతారు, ఆపరేషన్ ముందు చెక్‌లిస్టు ఎవరు చదువుతారు, స్టెరైల్ ప్రాంతానికి ఎంత దూరంలో ఉండాలి అన్నవి మొదటిసారి థియేటర్‌కు రాబోయే విద్యార్థులకు చూపించడానికి దీనికి మించినది లేదు, దానికి ప్రత్యక్ష ప్రసారమూ అక్కర్లేదు, ఒక్కసారి రికార్డు చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఓపెన్ సర్జరీలకు ఒక్క కెమెరాకే డబ్బు ఉన్న కళాశాల చేతికొమ్మ మీది జూమ్ కెమెరానే తీసుకోవాలి. దానికి ఫోకస్‌ను, వెలుతురు సర్దుబాటును చేత్తో స్థిరపరిచే సౌకర్యం తప్పకుండా ఉండాలి. ఆపరేషన్ లైటు కాంతి 40,000 నుంచి 1,60,000 లక్స్ వరకు ఉంటుంది. ఆ వెలుతురులో రక్తం అద్దే తెల్లటి మాప్ గుడ్డ ఒకటి పెట్టగానే ఆటోమేటిక్ కెమెరా మొత్తం దృశ్యాన్ని చీకటి చేస్తుంది, దాన్ని తీయగానే రక్తం, కండ అన్నీ ఒకే ఎర్ర ముద్దగా వెలిగిపోతాయి. కెమెరా 4కేనా కాదా అన్నదానికన్నా ఇదే ముఖ్యం. మామూలు గ్యాలరీ ప్రొజెక్టర్ మీద చూసేవారికి 1080 (ఫుల్ హెచ్‌డీ) దృశ్యం సరిపోతుంది.

తెర వరకు ఏ దారిన పంపాలి?

ఇది పూర్తిగా మీ భవనాల మీద ఆధారపడి ఉంటుంది. ముషీరాబాద్‌లోని గాంధీలో కళాశాల, ఆసుపత్రి ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఉస్మానియాలో కళాశాల కోఠీలో, ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో ఉన్నాయి. థియేటర్ పక్క గదికైతే టీవీ స్టూడియోల్లో వాడే ఎస్‌డీఐ వీడియో తీగ చాలు, అది హెచ్‌డీ దృశ్యాన్ని సుమారు 100 మీటర్ల వరకు నమ్మకంగా మోస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో తక్కువ ధరకు దొరుకుతుంది కదా అని పొడవాటి హెచ్‌డీఎంఐ తీగ కొనడం మాత్రం వద్దు, పది పదిహేను మీటర్లు దాటితే దాన్ని నమ్మలేం. ఒకే ప్రాంగణంలో వేరే భవనానికైతే ఫైబర్ వేసి ఆసుపత్రి సొంత నెట్‌వర్క్‌లోనే పంపాలి. 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగిన కొత్త ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాల విషయంలో ఫాల్స్ సీలింగ్ వేయకముందే థియేటర్ల నుంచి తరగతి గదులకు ఖాళీ పైపులు వేయించుకోవడం తర్వాత అయ్యే ఖర్చుతో పోలిస్తే దాదాపు ఉచితం కిందే లెక్క.

ఇంటర్నెట్ మీదుగా పంపక తప్పని పరిస్థితిలో ఆలస్యం సంగతి చూడాలి. బహిరంగ వీడియో వేదికలు ఎక్కువగా వాడే, వీడియోను చిన్న ముక్కలుగా చేసి పంపే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో దృశ్యం ఇరవై సెకన్లు వెనకబడటం మామూలే. విద్యార్థి ప్రశ్న సర్జన్‌కు చేరేసరికి క్లిప్ పడిపోయి ఉంటుంది. వీడియో సమావేశాలకు వాడే వెబ్‌ఆర్‌టీసీ వంటి పద్ధతుల్లో ఆలస్యం సాధారణంగా సెకను లోపే ఉంటుంది కాబట్టి సంభాషణ సాధ్యం. అయితే జూమ్ లాంటి వాటిలో మామూలు స్క్రీన్ షేర్ పెడితే కదలిక తడబడుతుంది, వీడియోకు అనువైన ఎంపికను విడిగా నొక్కాలి. 1080 దృశ్యానికి సెకనుకు ఐదు మెగాబిట్లు నిలకడగా వెళ్లే లైను కావాలి. అదే వేగంతో రికార్డు చేస్తే గంటకు 2.25 జీబీ అవుతుంది, నాలుగు గంటల ఓటీ (ఆపరేషన్ థియేటర్) రోజుకు 9 జీబీ.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ మాట వినబడటం దగ్గర తగ్గించుకోవద్దు. మాస్కు వెనుక నుంచి, రక్తాన్ని పీల్చే సక్షన్ యంత్రం హోరులో, పైకప్పు మైకు ఏమీ పట్టుకోలేదు. సర్జన్ స్క్రబ్ కాకముందే, అంటే ఆపరేషన్ కోసం చేతులు కడుక్కోకముందే, గౌను లోపల కాలరుకు వైర్‌లెస్ మైకు పెట్టాలి. దాన్ని ఆపే మీట మాత్రం ఓటీ టెక్నీషియన్ దగ్గర ఉండాలి. బల్ల దగ్గర రోగి పేరు పలకడం, బంధువుల గురించి మాట్లాడుకోవడం, ఒక్కోసారి విసుక్కోవడం సహజం, అవన్నీ 200 మందికి వినబడనక్కర్లేదు. దృశ్యానికి కూడా అలాంటి మీట ఒకటి కావాలి, ఎందుకంటే ల్యాపరోస్కోపీలో టెలిస్కోపును తుడవడానికి బయటికి తీసిన ప్రతిసారీ అది గదిని, మనుషులను, కొన్నిసార్లు రోగి ముఖాన్ని చూపిస్తుంది.

అనుమతి ఎవరి నుంచి, ఎప్పుడు?

శస్త్రచికిత్సల ప్రత్యక్ష ప్రసారాలపై దాఖలైన ప్రజాహిత వ్యాజ్యంలో 2023లో సుప్రీంకోర్టు కేంద్రానికి, జాతీయ వైద్య కమిషన్‌కు నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత కమిషన్ తెచ్చిన మార్గదర్శకాల సారం ఇది: ప్రసారం విద్యకే గానీ సర్జన్, ఆసుపత్రి లేదా పరికరం ప్రచారానికి కాదు. రోగిని గుర్తుపట్టేలా ఉండే చిత్రాలను అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2002 నాటి వైద్యవృత్తి ప్రవర్తనా నియమావళి ముందే చెప్పింది, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారాన్ని ఎందుకు సేకరిస్తున్నారో చెప్పి సమ్మతి తీసుకోవడానికి ప్రాధాన్యం ఇచ్చింది. వీటి వెలుగులో చూస్తే ప్రాంగణం దాటని మూసిన వ్యవస్థకూ, యూట్యూబ్‌లో లింకు పెట్టడానికీ మధ్య ఎంపిక అన్నదే లేదు. లింకు ఉన్నవారు మాత్రమే చూడగలరు అన్న మాట 250 మంది ఉన్న వాట్సాప్ గ్రూపు ముందు నిలవదు.

అనుమతి పత్రం ఆపరేషన్ సమ్మతి పత్రానికి వేరుగా, తెలుగులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ ఉండాలి. ముందురోజు వార్డులో, బంధువు పక్కన ఉండగా, ఆపరేషన్ చేసే బృందానికి చెందని వారెవరైనా చదివి వినిపిస్తే మేలు, చేసే డాక్టరే అడిగితే కాదనడానికి రోగికి నోరు రాదు. మాట ఇంత సూటిగా ఉంటే చాలు: "అమ్మా, రేపు మీ ఆపరేషన్ జరిగేటప్పుడు మా దగ్గర డాక్టరు చదువు చదివే పిల్లలు వేరే గదిలో టీవీలో చూస్తారు. మీ ముఖం కనబడదు, పేరు చెప్పరు, బయటివాళ్లెవరూ చూడరు. మీకు ఇష్టం లేకపోతే వద్దనండి. వద్దన్నా ఆపరేషన్ రేపే జరుగుతుంది, ఈ డాక్టరుగారే చేస్తారు." రికార్డు కూడా చేస్తున్నట్లయితే దానికి వేరే గడి, వేరే సంతకం ఉండాలి. ఈ సంభాషణను ఇద్దరు ముగ్గురు విద్యార్థుల సమక్షంలో జరిపిస్తే, 2019 నుంచి పాఠ్యప్రణాళికలో ఉన్న వైఖరి, నైతికత, సంభాషణ పాఠాలకు ఇంతకన్నా మంచి తరగతి దొరకదు.

ఎవరికి ఏది?

జిల్లాల్లో కొత్తగా వచ్చిన, ల్యాపరోస్కోపీ యంత్రం ఒకటే ఉన్న కళాశాలకైతే ఆ యంత్రం రెండో అవుట్‌పుట్ నుంచి పక్క డెమో రూముకు ఒక తీగ, ఒక పెద్ద టీవీ, రెండు వైపులా మాటలు వినబడే మైకులు, వివరించే ఒక అధ్యాపకుడు, దీంతో మొదలుపెట్టడం మంచిది. ఒక విడతకు ముప్ఫై మందిని కూర్చోబెట్టవచ్చు. పెద్ద ప్రభుత్వ కళాశాలలకు ఒకే థియేటర్‌ను ఇందుకోసం స్థిరపరచి, జూమ్ కెమెరా, ల్యాపరోస్కోపీ దృశ్యం, గది దృశ్యం మూడింటిలో ఒకదాన్ని ఎంచి పంపే స్విచ్చర్‌తో, వారానికి ఒక ఓటీ రోజును బోధనకు కేటాయించడం ఉత్తమం. అన్ని థియేటర్లలోనూ కెమెరాలు పెట్టించి ఏదీ సరిగా వాడకపోవడం కన్నా ఇది నయం. లక్షలు పోసి పూర్తిగా అనుసంధానించిన మాడ్యులర్ థియేటర్లు కట్టుకున్న ప్రైవేటు కళాశాలలు పరికరాల కోసం కొత్తగా ఖర్చు పెట్టనక్కర్లేదు. వారికి కొరవడేది గ్యాలరీలో నిలబడి వివరించే మనిషి, విద్యార్థుల పాఠ్యక్రమానికి సరిపోయే కేసుల ఎంపిక.

కొనే ముందు విక్రేతను సమావేశ గదిలో కాక ఖాళీ థియేటర్లో, లైటు పూర్తిగా వెలిగించి చూపించమనండి. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరచి, దాని నడుమ లోతైన గిన్నె ఒకటి పెట్టి, అడుగున ముదురు ఎర్ర గుడ్డ, దాని మీద కొన్ని ముళ్లు వేసిన సన్నని కుట్టుదారం ఒక ముక్క ఉంచండి. పక్కన తెల్లటి మాప్ పెడుతూ, తీస్తూ ఉండండి. విద్యుత్తుతో కణజాలాన్ని కోసే డయాథర్మీ యంత్రాన్ని వేసి కటింగ్ మీట నొక్కినప్పుడు దృశ్యంలో చారలు, మాటలో గరగరలు వస్తున్నాయేమో గమనించండి. ఇంకొకరిని గ్యాలరీ చివరి వరుసలో కూర్చోబెట్టి, గిన్నె అడుగున దారం ఎన్ని ముళ్లు వేసి ఉందో ఫోన్లో అడగండి.